రాత్రి రెండింటికి ఖాళీ ప్లాట్ మీద అరిచే పిట్ట ఏది? ఇంకో రెండు అరుపులు కూడా ఉన్నాయి

బోడుప్పల్ మూడో అంతస్తు

అందరికీ నమస్కారం. మేము బోడుప్పల్‌లో మెయిన్ రోడ్డుకి బాగా లోపల ఉంటాం. మూడో అంతస్తు, పైన డాబా. మా బిల్డింగ్‌కి తూర్పున ఒక ఖాళీ ప్లాట్ ఉంది, ఓనర్ అమెరికాలో ఉంటాడు. ప్లాట్ నిండా వయ్యారిభామ, ఒక మూల ఎవరో ఇల్లు కట్టుకున్నప్పుడు మిగిలిపోయిన కంకర కుప్ప, ఇంకో మూల వేపచెట్టు. వీధి చివర పోచమ్మ గుడి, గుడి పక్కన రావిచెట్టు. చుట్టుపక్కల పచ్చదనం అంటే ఇంతే.

నేను అడగాలనుకున్నవి మూడు అరుపులు.

మొదటిదే అసలు టెన్షన్. రాత్రి ఒంటిగంటన్నర, రెండు ఆ టైంలో ఉన్నట్టుండి “టిట్-టిటీ-టిట్, టిట్-టిటీ-టిట్” అని తొందరతొందరగా, చాలా గట్టిగా వినపడుతుంది. ఒకచోట కూర్చుని అరుస్తున్నట్టు ఉండదు. అరుపు మా డాబా మీదుగా అటు పోయి మళ్లీ ప్లాట్ మీదికి వస్తుంది. ఒక్కోసారి రెండు గొంతులు. కాసేపటికి ఆగిపోతుంది. మా అత్తమ్మది జనగామ దగ్గర పల్లె. మొదటిరోజే “తీతువు కూస్తోంది, ఇంటి మీదుగా కూయొద్దు” అంది. మామూలప్పుడైతే నవ్వి ఊరుకునేవాళ్లం. కానీ మామయ్యకి ఈమధ్యే గుండెకి స్టెంట్ వేశారు. ఇప్పుడు ఆ అరుపు వినపడగానే ఆమె లేచి వెళ్లి ఆయన మంచం దగ్గర కూర్చుంటోంది. ఆయనేమో హాయిగా గురక పెడుతుంటారు. వాచ్‌మన్‌కి చెప్పి ప్లాట్‌లోకి రాళ్లు కూడా వేయించింది. అరుపు తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది.

రెండోది మధ్యాహ్నం. ఎండ మాడ్చేస్తున్నప్పుడు “టుక్ టుక్ టుక్ టుక్” అని ఒకే వేగంతో, నిమిషాల తరబడి. ఎదురింటివాళ్లు మా మోటారు అనుకుంటున్నారు, మేము వాళ్లది అనుకుంటున్నాం. గుడి వైపు నుంచి వస్తున్నట్టే ఉంటుంది, ఇంతలో మా వెనక నుంచి వస్తున్నట్టు ఉంటుంది.

మూడోది మూడు ముక్కల అరుపు, “పీ-పీ-హా” అని. ప్రతిసారీ ఇంకాస్త పైకి పోతుంది, గొంతు పగిలిపోతుందేమో అనిపించేదాకా పోయి టక్కున ఆగుతుంది. మళ్లీ మొదటి నుంచి. మబ్బు పట్టిందంటే పొద్దంతా ఇదే పని, రాత్రి కూడా వదలదు. పక్కింటి ఆంటీ కోయిల అంటున్నారు. కోయిల నాకు తెలుసు, ఇది అది కాదని నా డౌట్.

ఫోన్‌లో ఒక యాప్ వేసుకుని డాబా మీద పెట్టి చూశాను. బోలెడు ఇంగ్లిష్ పేర్లు వరసగా చూపించింది, వాటిలో ఒక్క పిట్ట కూడా నా కంటికి కనపడలేదు. కెమెరా లేదు, బైనాక్యులర్ లేదు. నాలాంటివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్తారా?

ఉప్పల్ కుర్రాడు

అక్కా, మూడోది కోయిలే. ఈ సీజన్‌లో అన్ని కోయిలలూ అలాగే గొంతు పెంచుకుంటూ పోతాయి. మా కాలనీలో తెల్లవారుజామున నాలుగింటికి స్టార్ట్ చేస్తుంది, అలారం అక్కర్లేదు. పిల్లలు కింద నుంచి “కూ” అంటే దానికి రోషం వచ్చి ఇంకా గట్టిగా అంటుంది.

నైట్ షిఫ్ట్ నానక్‌రాంగూడ

రాత్రిపూట అరుపు అంటే పైడికంటె అయ్యుండొచ్చు, చిన్న గుడ్లగూబ. మా ఆఫీసు పార్కింగ్‌లో గుల్‌మొహర్ చెట్టు తొర్రలో ఒక జంట ఉంది. టీ బ్రేక్‌కి కిందికి వచ్చినప్పుడల్లా కిచకిచమని ఒకదాన్నొకటి తిట్టుకుంటూ ఉంటాయి. లైట్ స్తంభం మీద కూర్చుని పురుగుల కోసం కిందికి దూకుతాయి. పాపం ఏ హానీ చేయవు, అత్తమ్మగారికి చెప్పండి.

మౌలాలి గార్డ్ సాబ్

అమ్మా, మీరు అడిగిన తీరు నాకు నచ్చింది. టైం రాశారు, దిక్కు రాశారు, అరుపుకి ఎన్ని ముక్కలో రాశారు. “ఏదో పిట్ట అరుస్తోంది, ఏంటది” అని అడిగేవాళ్లకి జవాబు చెప్పలేక చచ్చిపోతుంటాం.

నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాను (2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, మా కాలంలో గార్డే). గూడ్స్ బండి నడిచేది తక్కువ, లూప్ లైన్లో, అంటే వేరే బళ్లకి దారిచ్చే పక్క పట్టా మీద, పడి ఉండేది ఎక్కువ. ఘట్‌కేసర్, బీబీనగర్, ఆలేరు, ఇలా ఏదో ఒక స్టేషన్లో అర్ధరాత్రి బ్రేక్ వ్యాన్‌లో (బండి చివర గార్డు ఉండే పెట్టె) కూర్చుని, ఎక్స్‌ప్రెస్‌లు దాటిపోయేదాకా చేసే పనేముంటుంది? వినడమే. ఆ చీకట్లో నేర్చుకున్న పిట్టలు నావి. అందుకే నాకు కళ్లకన్నా చెవులే ముందు.

మీ రాత్రి పిట్ట తీతువే. అత్తమ్మగారు గుర్తుపట్టడంలో ఏ పొరపాటూ లేదు. నైట్ షిఫ్ట్ బాబూ, పైడికంటె కొమ్మ మీదో స్తంభం మీదో కూర్చుని గొడవ చేస్తుంది. ఇక్కడ అరుపు డాబా దాటి పోయి తిరిగి వస్తోంది, అంటే ఎగురుతూ అరిచే పిట్ట. తీతువుకి పొడుగాటి పసుపు కాళ్లు, నల్లటి తల, నల్లటి రొమ్ము, తెల్లటి పొట్ట, కంటి ముందు ఎర్రటి తోలు. ఇంగ్లిష్‌లో రెడ్ వాటిల్డ్ లాప్‌వింగ్. చెట్టు మీద వాలదు, నేల మీదే బతుకంతా.

మీరు కంకర కుప్ప అని రాశారు చూడండి, నాకు అక్కడే తేలిపోయింది. ఇది దాని గుడ్ల కాలం. తీతువు గూడు కట్టదు. కంకరలోనో బోడి నేల మీదో చిన్న గుంట చేసి మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది, సన్నటి మొనలన్నీ లోపలికి తిరిగి ఉంటాయి. రైలు పట్టాల కంకరలో కూడా పెడుతుంది, నేను చూశాను. మట్టిరంగు మీద నల్లటి మరకలు, రెండడుగుల దూరంలో నిలబడినా గుడ్లని తెలియదు. రాత్రి కుక్కో పిల్లో అటు వచ్చిందంటే లేచి దాని నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంది. ఆడదీ మగదీ రెండూ కాపలా కాస్తాయి, మీరు విన్న రెండో గొంతు అదే. వాచ్‌మన్ రాళ్లేస్తే ఎందుకు ఎక్కువ అరిచిందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

అరిష్టం సంగతి. తీతువు కూసిన ప్రతి రాత్రీ ఒకరు పోయేట్టయితే బీబీనగర్‌లో ఈపాటికి టికెట్ కొనేవాడు మిగలడు. కానీ ఈ మాట అత్తమ్మగారితో అనొద్దు. పెద్దవాళ్లతో వాదనకి దిగి గెలిచినవాడు లేడు. దానికన్నా పొద్దున ఎండ ఎక్కకముందు ఆమెను డాబా మీదికి తీసుకెళ్లి, పిట్టగోడ వెనక కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మనిషి కనపడగానే తీతువు ముందు చప్పుడు చేయకుండా గుడ్ల మీద నుంచి లేచి, తల దించుకుని నడిచి దూరం పోతుంది. అరవడం అక్కడికి వెళ్లాక మొదలుపెడుతుంది. కాబట్టి అది అరిచే చోట గుడ్లు వెతకొద్దు. మీరు కదలకుండా ఉంటే కాసేపటికి నాలుగడుగులు నడిచి ఆగుతుంది, అటూ ఇటూ చూస్తుంది, మళ్లీ నాలుగడుగులు. చివరికి ఒకచోట పొట్ట కింద ఈకలు విప్పుకుని, ఒళ్లు అటూ ఇటూ కుదుపుకుని కూర్చుంటుంది. అదే చోటు. ఫోన్ జూమ్ చేస్తే కనపడుతుంది. దగ్గరికి మాత్రం ఎవరూ పోవద్దు. మనం ఎక్కడ వంగి చూస్తామో కాకులు పైనుంచి గమనిస్తూ ఉంటాయి.

ఎండ ఎక్కువగా ఉన్న రోజు ఇంకో పని చేస్తుంది. దగ్గర్లో నీళ్లుంటే పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది, చల్లబరచడానికి. పొదగడానికి నాలుగు వారాలు, కాస్త అటూ ఇటూ. పిల్లలు గుడ్డు నుంచి బయటికొచ్చి ఒళ్లు ఆరగానే తల్లి వెనక నడుస్తాయి. ఆ తర్వాత ఆ కంకర కుప్పతో వాటికి పని లేదు, రాత్రి గోల కూడా అక్కడి నుంచి తగ్గుతుంది.

మీ మధ్యాహ్నం మోటారు కంసాలి పిట్ట. పేరులోనే ఉంది, కంసాలి చిన్న సుత్తితో కొడుతున్నట్టే ఉంటుంది ఆ చప్పుడు. రావిపండ్లు, మర్రిపండ్లు దాని తిండి, అందుకే గుడి దగ్గర కాపురం. అరిచేటప్పుడు తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పుతుంది, అందుకే ఒకసారి ముందు నుంచీ ఒకసారి వెనక నుంచీ వస్తున్నట్టు మీకు అనిపించింది. ఒళ్లంతా ఆకుపచ్చ కాబట్టి ఆకుల్లో వెతికితే దొరకదు. చెట్టు పైన ఆకుల్లేని ఎండు కొమ్మ కొసల్లో చూడండి.

మూడోదానికి వస్తే, ఉప్పల్ బాబూ, కోయిల కూడా గొంతు పెంచుతుంది, నిజమే. కానీ దాని అరుపు రెండు ముక్కలు, కూ-ఊ, గొంతు గుండ్రంగా ఉంటుంది. అమ్మాయి చెప్పింది మూడు ముక్కలు, గొంతు సన్నం, కీచు. అది పపీహా. నాతో పనిచేసిన డ్రైవర్ ఒకాయన అది “పీ కహా” అని అడుగుతోంది, ప్రియుడు ఎక్కడ అని, అనేవాడు. ఇంగ్లిష్‌వాళ్లకి అదే అరుపు “బ్రెయిన్ ఫీవర్” అని వినపడిందట. మహారాష్ట్ర రైతులకి “పేర్తే వ్హా”, విత్తనాలు చల్లండి అని. ఎవరి బాధ వాళ్లది. మృగశిర కార్తె వచ్చింది, మబ్బులు కమ్మాయి, ఇక నెలా రెండు నెలలు అది ఆగదు. చూడ్డానికి చిన్న డేగలా ఉంటుంది, తోక మీద పట్టీలతో సహా. తను గూడు కట్టదు, గుంపుగా తిరుగుతూ నేల మీద ఆకులు తిరగేసే మట్టిరంగు పిట్టలుంటాయి చూడండి, సాత్ భాయి అంటారు, వాటి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. వేపచెట్టు దగ్గర అవి తిరుగుతుంటే పపీహా అక్కడే ఎక్కడో ఉంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. మీ వీధిలో రోజూ ఉండేవాటితోనే. కాకి, గోరింక, పావురం, రామచిలుక, పిగిలిపిట్ట (బుల్‌బుల్), గద్ద, కుట్టుపిట్ట. కాకి తెలియనివాడు ఎవడు అనకండి. కాకి ఊరికే కూర్చుని అనేది వేరు, గద్దను తరిమేటప్పుడు అనేది వేరు, కోయిలను తరిమేటప్పుడు దాని కోపమే వేరు. కుట్టుపిట్ట గుప్పెట్లో ఇమిడేంత ఉంటుంది, గొంతు మాత్రం వీధి చివరిదాకా పోతుంది. ఇవి బాగా పట్టుబడితే కొత్త గొంతు వచ్చినరోజు మీ చెవే చెబుతుంది.

మేము డ్యూటీలో రఫ్ జర్నల్ రాసేవాళ్లం. ఏ స్టేషన్, ఎన్నింటికి వచ్చాం, ఎందుకు ఆగాం. మీరూ ఒక నోట్‌బుక్ పెట్టుకుని అలాగే రాయండి: టైం, దిక్కు, ఎన్ని ముక్కలు, ఆ క్షణంలో చుట్టూ ఇంకేం జరిగింది. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు, నా లెక్కలో అదే ముఖ్యం. గోరింకలు, పిగిలిపిట్టలు, ఉడతలు అన్నీ ఒకే చెట్టు చుట్టూ చేరి గోల చేస్తున్నాయంటే ఆ చెట్టులో పిల్లో, పామో, పగలు నిద్రపోతున్న పైడికంటో ఉన్నట్టే. పావురాలు ఒక్కసారిగా డాబాల మీద నుంచి లేచాయంటే ఆకాశంలోకి చూడండి. ఎందుకు అరిచిందో పట్టుకుంటే పేరు ఆలస్యంగా తెలిసినా నష్టం లేదు.

యాప్‌ల గురించి నాకు అంత నమ్మకం లేదు, కుర్రాళ్లు ఎవరైనా చెప్తారు.

ఓయూ పిట్టలపిచ్చి

గార్డ్ సాబ్ చెప్పిన మూడూ కరెక్ట్. ఒక్క యాప్ విషయంలో మాత్రం నాది వేరే అభిప్రాయం.

అక్కా, మీరు వాడింది మెర్లిన్ అయ్యుంటుంది. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్‌వాళ్లది, ఫ్రీ. ముందు ఇండియా ప్యాక్ డౌన్‌లోడ్ చేసుకోండి, తర్వాత నెట్ లేకపోయినా పనిచేస్తుంది. పేరు చూపించగానే అదే నిజం అనుకోవద్దు. ఏ అరుపు వచ్చినప్పుడు ఏ పేరు వెలుగుతోందో చూస్తూ, అదే అరుపును చెవితో పట్టుకోండి. పది పిట్టలు ఒకేసారి అరిచే పొద్దున వద్దు, ఒకే పిట్ట అరిచే మధ్యాహ్నం ట్రై చేయండి. కంసాలి పిట్టతో మొదలుపెడితే బెస్ట్. ఫోన్‌ని రోడ్డు వైపు పెట్టకండి, ఆటో హారన్లతో దానికి పిచ్చెక్కుతుంది.

అది మోసపోయే చోట్లూ ఉన్నాయి. కరెంటు తీగల మీద కూర్చునే నల్లటి చీలికతోక పిట్ట, పసులపోలిగాడు, డేగ గొంతును అనుకరిస్తుంది. మా హాస్టల్ వెనక అది డేగలా అరవగానే గోరింకలన్నీ లేచి పోతాయి, యాప్ కూడా డేగ అనే రాస్తుంది. అందుకే కంటితో చూడనిది నేను లిస్టులో వేయను, గొంతు పక్కాగా తెలిస్తే తప్ప.

ఇంకో రిక్వెస్ట్. రికార్డ్ చేసిన అరుపును స్పీకర్‌లో పెట్టి పిట్టను పిలవొద్దు, ముఖ్యంగా గుడ్ల కాలంలో. వేరే పిట్ట తన జాగాలోకి వచ్చిందనుకుని గుడ్లు వదిలేసి వెతుకుతూ తిరుగుతుంది.

మీరు నోట్‌బుక్‌లో రాసింది ఈబర్డ్‌లో (ఎవరు ఏ పిట్టను ఎక్కడ చూశారో ఎక్కించే వెబ్‌సైట్) కూడా ఎక్కించండి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యం అంతా తిరిగి ఏ పిట్ట ఎక్కడుందో సర్వే చేసి అచ్చు వేయించారు కాబట్టే ఇప్పుడు ఏది తగ్గిందో ఏది మిగిలిందో పోల్చడానికి మనకో లెక్క ఉంది. బోడుప్పల్‌లో ఖాళీ ప్లాట్లు ఇంకొన్నేళ్లలో ఉండవు. ఫలానా సంవత్సరం జూన్‌లో అక్కడ తీతువు గుడ్లు పెట్టింది అని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా. ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, నాలుగు రోజులు, పావుగంట చూసి రాసినా తీసుకుంటారు. డాబా మీది నుంచే చేయొచ్చు.

బైనాక్యులర్ కొంటే 8x42 తీసుకోండి, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది. 10x అని షాపువాడు అంటగడతాడు, చెయ్యి కొంచెం వణికినా బొమ్మ కదిలిపోతుంది. చలికాలంలో వీలు చూసుకుని అమీన్‌పూర్ చెరువుకి వెళ్లండి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా ఫ్లెమింగోలు కూడా దిగుతుంటాయి.

ఉప్పల్ కుర్రాడు

సరే అంకుల్, పపీహా రికార్డింగ్ యూట్యూబ్‌లో విన్నా. మా కాలనీలో ఉన్నది మాత్రం కోయిలే, రెండు ముక్కలే. మా ఇంటి ముందు కాకి ఒక పిల్లకి తినిపిస్తోంది, ఆ పిల్ల గొంతు కాకిలా లేదు. ఇదీ అదేనా?

మౌలాలి గార్డ్ సాబ్

అదే. కాకి గూట్లో కోయిల గుడ్డు. రెక్కలొచ్చేదాకా కాకి పెట్టింది తింటుంది, ఆ తర్వాత ఆ కాకే దాన్ని తరుముతుంది.

బోడుప్పల్ మూడో అంతస్తు

అందరికీ థాంక్స్. గార్డ్ అంకుల్, మీరు చెప్పినట్టే చేశాం.

పొద్దున ఆరు లోపే అత్తమ్మని డాబా మీదికి తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పి అని గొణుక్కుంటూనే వచ్చింది. కంకర కుప్ప మీద ఏమీ లేదు. కుప్పకి ఇవతల, ఎవరో పారబోసిన టైల్స్ ముక్కల మధ్య నుంచి అది లేచి తల వంచుకుని గోడ దాకా నడిచింది, అక్కడి నుంచి మొదలుపెట్టింది అరవడం. మేము కదల్లేదు. తిరిగి రావడానికి దానికి ఎంతసేపు పట్టిందంటే ఈలోపు కింద మామయ్య కాఫీ ఏదని రెండుసార్లు ఫోన్ చేశారు. వచ్చి కూర్చునే ముందు ముక్కుతో ఒక చిన్న రాయిని పక్కకి తోసింది. ఫోన్ జూమ్‌లో మూడు గుడ్లు కనపడ్డాయి, నాలుగోది ఉందో లేదో తెలియలేదు.

అత్తమ్మ చాలాసేపు చూసింది. “గుడ్లున్నయి కాబట్టి అరుస్తోంది, సరే. కానీ ఇంటి మీదుగా కూస్తే మంచిది కాదన్నది పోదు” అంది. మా ఆయన ఏదో అనబోతే నేను కళ్లతోనే ఆపాను. రాళ్లు మాత్రం ఇక వేయొద్దని వాచ్‌మన్‌కి ఆమే చెప్పింది. నిన్న రాత్రి అరిచినప్పుడు టార్చ్ వేసి చూస్తే రెండు కుక్కలు గోడ సందులోంచి దూరుతున్నాయి. ఆ సందుకి పాత రేకు అడ్డం పెట్టించాం.

కంసాలి పిట్ట కూడా దొరికింది. రావిచెట్టు మీద ఎండిన కొమ్మ చిట్టచివర. ప్రతి “టుక్”కీ గొంతు దగ్గర ఒక బుడగ ఉబ్బుతోంది, తోక చిన్నగా అదురుతోంది. నుదుటి మీద ఎర్రటి మచ్చ. ఇంత అందమైనది ఇన్నాళ్లూ అక్కడే ఉండి మోటారు పేరు మోసింది. ఎదురింటివాళ్లని పిలిచి చూపించాను. వాళ్లు ముందు నమ్మలేదు. పపీహా ఇంకా కనపడలేదు, సాత్ భాయి గుంపు మాత్రం వేపచెట్టు కింద రోజూ ఉంటోంది.

ఇప్పుడు అసలు సమస్య. ప్లాట్ ఓనర్ బావమరిది వచ్చి వెళ్లాడు. వచ్చే వారం జేసీబీ పెట్టించి మొత్తం చదును చేయిస్తాడట. గుడ్లున్నాయని చెప్తే నవ్వాడు. వాటిని పక్కనున్న ఇంకో ఖాళీ స్థలంలోకి మార్చొచ్చా? చేటలో పెట్టి జాగ్రత్తగా తీసుకెళ్తే?

మౌలాలి గార్డ్ సాబ్

మార్చొద్దమ్మా. తీతువు గుడ్ల కోసం ఊరంతా వెతకదు, తను పెట్టిన చోటికే వస్తుంది. ఇంకో ప్లాట్‌లో పెట్టిన గుడ్లు కాకులకే.

బావమరిదితో పిట్టల గురించి మాట్లాడకండి, డబ్బు గురించి మాట్లాడండి. భూమిపూజ ఎప్పుడు అని అడగండి. ఆషాఢం ఎంతో దూరం లేదు, ఆ నెల ఎవరూ ముగ్గు పోయరు. పూజ ఎలాగూ శ్రావణంలోనే. ఇప్పుడు జేసీబీకి గంటల లెక్కన కట్టి చదును చేయిస్తే, ఈ వానలకి శ్రావణం నాటికి వయ్యారిభామ మళ్లీ నడుం ఎత్తు లేస్తుంది, మళ్లీ కట్టాలి. “పూజకి వారం ముందు చేయిస్తే ఒక్కసారితో పోతుంది కదా అన్నా” అనండి. అమెరికా ఆయన నంబరు దొరికితే ఆయనకే చెప్పండి, డబ్బు ఆయనది కాబట్టి తొందరగా అర్థమవుతుంది. గుడ్లు ఎప్పుడు పెట్టిందో తెలియదు కానీ, మీరు రాత్రి అరుపులు ఎప్పటి నుంచి వింటున్నారో చూసుకుంటే ఆషాఢం నడుస్తుండగానే పిల్లలు నడిచి వెళ్లిపోతాయి.

ఎంత చెప్పినా వినకపోతే కనీసం ఆ టైల్స్ మూల వదిలి మిగతాది చేయించమనండి. ఆ మూల చుట్టూ రిబ్బన్లు, బోర్డులు మాత్రం కట్టొద్దు, పిల్లలకీ కుక్కలకీ మనమే దారి చూపించినట్టవుతుంది. నాలుగు పెద్ద రాళ్లు కాస్త ఎడంగా వేస్తే డ్రైవర్‌కి గుర్తుంటుంది.

బోడుప్పల్ మూడో అంతస్తు

అంకుల్, పనయింది. మా ఆయన వాట్సాప్‌లో ఓనర్‌తోనే మాట్లాడారు. డబుల్ ఖర్చు అనగానే “శ్రావణంలో చూద్దాం” అన్నాడు. పిట్ట మాటే రాలేదు. 😄

ఈ ఎండకి తీతువు కోసం ప్లాట్‌లో నీళ్ల గిన్నె పెట్టమంటోంది అత్తమ్మ. పెట్టొచ్చా?

మౌలాలి గార్డ్ సాబ్

ప్లాట్‌లో వద్దు, ఆ నీళ్ల కోసం ముందు వచ్చేవి కుక్కలే. డాబా మీద లోతు తక్కువ మట్టి మూకుడు పెట్టండి, మధ్యలో ఒక రాయి వేయండి, రోజూ నీళ్లు మార్చండి, దోమలు పెట్టకుండా. తీతువు రాకపోయినా గోరింకలు, పిగిలిపిట్టలు వస్తాయి. నోట్‌బుక్‌లో వాటి పేజీ అక్కడే మొదలుపెట్టొచ్చు. ఈ మబ్బుల్లో నల్లదీ తెల్లదీ కలిసిన, తల మీద కుచ్చు ఉన్న పిట్ట తీగ మీద కనపడితే అది చాతకం. అది కూడా సాత్ భాయి గూళ్ల కోసమే వస్తుంది, కాబట్టి వేపచెట్టు వైపు ఒక కన్నేసి ఉంచండి. కనపడితే ఇక్కడ టైంతో సహా రాయండి.